డిశ్చార్జి కాని పుస్తకాలు

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు అమ్మే ఆయన గోనెసంచి కుట్టు విప్పుతూ, తలెత్తకుండానే, "మీ సిస్టర్ గారు పోయారంట కదండీ" అన్నాడు.

ఎవరో ఊరెళ్ళారని చెబుతున్నట్టు అన్నాడు. నేను చేతిలో ఉన్న నిఘంటువు పేజీలు ఇంకా తిప్పుతూనే ఉన్నాను. ఏ సిస్టర్ గారు అని కూడా అడిగాను. అడిగాక గానీ తట్టలేదు, నాకూ ఆయనకూ కలిపి తెలిసిన సిస్టర్ గారు ఒక్కరేనని.

మైలవరంలో, మిషన్ వాళ్ళ వృద్ధుల హోములో పోయారట. నెల దాటిందట. అక్కణ్ణుంచి బైబిళ్ళ కోసం వచ్చిన పాస్టరు ఒకాయన చెప్పాడట. ఆవిడ ఉండేది సింగ్ నగర్లో కదా, మైలవరం ఎందుకెళ్ళారని అడిగాను. ఆయన సంచి వదిలేసి నా మొహంలోకి చూశాడు. ఆ సంగతి నేనే ఆయనకు చెప్పాల్సిన మనిషిని.

తర్వాత బల్ల కిందకి వంగి, అట్టమీద బొమ్మలేని లావుపాటి పుస్తకం ఒకటి తీసి, ఆవిడ కోసం పక్కన పెట్టానని, నన్ను పట్టుకెళ్ళమనీ అన్నాడు. వద్దన్నాను. నిఘంటువు కూడా అక్కడే వదిలేసి వచ్చాను. ఏలూరు రోడ్డు దాటబోయి, మళ్ళీ వెనక్కి వచ్చి, షాపు పక్కన నీడలో నిలబడ్డాను.

ఆయన తీసింది ప్రూఫు కాపీ. పైదేశాల్లో ఒక నవల బజారులోకి రాకముందు కొద్ది ప్రతులు మామూలు అట్టతో కట్టి సమీక్షకులకీ, పుస్తకాల షాపులకీ పంపుతారు. ఇంకా తప్పులు దిద్దలేదనీ, అమ్మకానికి కాదనీ అట్టమీదే వేస్తారు. అసలు పుస్తకం వచ్చాక వీటిని చాలామంది అవతల పారేస్తారు. అలా పారేసిన వాటిని మా సిస్టర్ గారు పోగుచేసేవారు. అన్నీ కాదు. మాయలూ మంత్రాలూ ఉండే పిల్లల నవలలవి మాత్రమే. తర్వాత తర్వాత లోకంలోని పిల్లలంతా ఎగబడి చదివిన నవలలు కొన్ని ఆవిడ దగ్గర ఇంకా పేరు కూడా సరిగ్గా పెట్టని రూపంలో ఉండేవి.

ఆవిడ నర్సు. నాకు పదేళ్ళప్పుడు గడ్డి ట్రాక్టరు మీంచి పడి తొడ ఎముక విరిగింది. మాది హనుమాన్ జంక్షన్. నాన్నకి హైవే పక్కన లారీ టైర్లకి పంక్చర్లు వేసే షాపు. జంక్షన్ అవతల మిషన్ ఆసుపత్రిలో చేర్చి, కాలికి బరువు కట్టి వేలాడదీసి, ఏడు వారాలు కదలకూడదన్నారు. పిల్లల వార్డులో ఎనిమిది మంచాలు. నాది నాలుగోది. సిస్టర్ గారు ఎవర్నీ పేరు పెట్టి పిలిచేవారు కాదు. నేను చదువుకుని, ఉద్యోగం చేసి, నా తల నెరవడం మొదలైనా ఆవిడకి నేను నాలుగో నంబరునే.

పొట్టి మనిషి. నడక మాత్రం మహా వేగం. గడియారం జాకెట్టుకి తలకిందులుగా తగిలించి ఉండేది. గొంతు గరుకు. సూది వేసేముందు బుజ్జగించడం ఆవిడకి చేతకాదు. "ఏడిస్తే ఏడువు, కదిలావంటే ఊరుకోను" అనేవారు. అమ్మ మొదటి రోజే ఈవిడ రాక్షసి అని తేల్చేసింది.

మధ్యాహ్నం రెండింటికి అందరి జ్వరాలూ చూసి చార్టుల్లో రాశాక, ఆవిడ వార్డు మధ్యలో స్టూలు వేసుకుని కూర్చునేవారు. విదేశాల నుంచి పిల్లల కోసమని పాత పుస్తకాల పెట్టెలు ఆసుపత్రికి వచ్చేవి. ఎవరో అక్కడి లైబ్రరీ వాళ్ళు దులిపేసిన సరుకు. అందులోంచి ఒక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు ఇంగ్లీషు అక్షరాల మీద ఉంచి, నోటితో తెలుగులో కథ చెప్పేవారు. నది అడుగున ఒక రాజ్యం, అక్కడికి వెళ్ళాల్సిన ఒక పిల్ల, ఆ పిల్లని పడవలో దాటించే ఒక ముసలాడు. ఇంగ్లీషులో అతని పేరేమిటో గానీ ఆవిడ నోట్లో సరంగు తాత అయ్యాడు. పడవ మునగబోయే చోట పుస్తకం మూసేసి, "మిగతాది రేపు. జ్వరం లేనివాళ్ళకే" అని లేచిపోయేవారు. ఆ ఏడు వారాలూ నేను రేపటి కోసమే బతికాను. చివర్లో సరంగు తాత ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటూ ఉంటాడు. నన్ను ఇంటికి పంపేముందు రోజే ఆ కథ అయిపోయింది.

పద్దెనిమిదేళ్ళ తర్వాత నేను విజయవాడలో ఇంగ్లీషు టీచర్ని. స్కూలు లైబ్రరీకి కొత్తగా కొన్న పుస్తకాల్లో ఆ నవల కనబడింది. బంగారు అక్షరాలు, మెరిసే అట్ట. పేరు ఎందుకులెండి, పిల్లలున్న ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. ఇంటికి తెచ్చుకుని ఆత్రంగా చదివాను. చివరి నుంచి రెండో అధ్యాయంలో సరంగు తాత మునిగి చచ్చిపోయాడు.

ఆ పేజీ మూడుసార్లు చదివాను. అంత పెద్దదాన్ని, కథలో ముసలాడు పోతే ఏడవను. కోపం వచ్చింది. ఎనిమిది మంచాల మీద కదల్లేక పడున్న పిల్లలకి ఆవిడ అబద్ధం చెప్పింది అనిపించింది. ఆసుపత్రికి వెళ్ళి వాకబు చేస్తే, ఆ మధ్యనే రిటైరై సింగ్ నగర్లో ఒక డాబా మీద గది అద్దెకి తీసుకున్నారని తెలిసింది.

తలుపు తీసి ఆవిడ నా మొహం కంటే ముందు నా కాలు చూశారు. "నాలుగో నంబరు. కుంటడం లేదే" అన్నారు.

నేను కూర్చోకుండానే అడిగాను. సరంగు తాత చచ్చిపోతాడు కదా, మాకెందుకలా చెప్పారని.

ఆవిడ పంపు దగ్గరికి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. ఆరేదాకా చేతులు గాల్లో పట్టుకుని నిలబడి, తర్వాత బీరువా తెరిచారు. లోపల ఎక్స్‌రే కవర్లు నిలబెట్టి ఉన్నాయి, ఆసుపత్రిలో వాడి పారేసినవి. ప్రతి కవర్లో ఒక పుస్తకం. లేత పసుపు అట్ట పుస్తకం ఒకటి తీసి, చివరి పేజీ విప్పి, నా చేతికివ్వకుండా తనే పట్టుకుని చూపించారు. సరంగు తాత ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

నేను దగ్గరికి వంగి ఆ వాక్యం మళ్ళీ చదివాను.

"అబద్ధాలు చెప్పే అలవాటు లేదు నాకు. నా పుస్తకంలో బతికే ఉన్నాడు. తర్వాత ఎవరో ఆఫీసులో కూర్చుని చంపారు" అన్నారు.

ఆ పిచ్చి ఆవిడకి పట్టుకుంది కూడా అలాగేనట. వార్డులో చెప్పిన కథ అచ్చుపుస్తకంలో వేరేగా ఉందని ఒకసారి తెలిసినప్పుడు నాలాగే అదిరిపోయారట. అప్పట్నుంచి వెతకడం మొదలుపెట్టారు. అచ్చుపుస్తకం అంటే డిశ్చార్జి అయిపోయిన పేషెంటు, ఇక మన చేతుల్లో ఏమీ లేదు. ప్రూఫు అంటే ఇంకా వార్డులోనే ఉన్నట్టు, ఏమైనా జరగొచ్చు అనేవారు. ఇతరులకి వేదాంతంలా వినబడే ఆ మాట ఆవిడ జ్వరం డిగ్రీలు చెప్పినంత మామూలుగా చెప్పేవారు.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు దాదాపు ప్రతి ఆదివారం, ఆవిడ చర్చి నుంచి వచ్చాక, నేను వెళ్ళేదాన్ని. ప్రూఫు ఒక పక్క, అచ్చుపుస్తకం ఒక పక్క పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చేవాళ్ళం. తేడా కనబడితే ఆవిడ నోటుబుక్కులో రాసేవారు, చేర్చింది నీలంతో, తీసేసింది ఎర్రసిరాతో. పుస్తకం మీద మాత్రం చుక్క పడకూడదు. ఒక నవలలో కుక్క పేరు నలభయ్యో పేజీ దాకా ఒకటి, తర్వాత ఇంకొకటి. అది చూసినప్పుడల్లా భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వేవారు. ఒకసారి నేను వేలు తడిచేసుకుని పేజీ తిప్పాను. మూడు వారాలు నాకు పుస్తకం ముట్టనివ్వలేదు.

బెంగుళూరు నుంచి ఒకాయన, ఇలాంటివి పెద్దయెత్తున సేకరించేవాడు, సరంగు పుస్తకం గురించి నా ద్వారా కబురు పెట్టాడు. ఆయన ఇస్తానన్న సొమ్ము విని, మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. ఆవిడ మాత్రం దాన్ని డిశ్చార్జి చెయ్యనన్నారు. ఆ సాయంత్రం నేను చెప్పులు వేసుకుంటుంటే, "నా తర్వాత అది నీదే. నాలుగో నంబరు మంచానిది" అన్నారు. ఆ మాట నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో లెక్కలేదు.

కింద ఇంటివాళ్ళు ఉండేవారు. ఎనభైకి దగ్గరపడిన పెద్దావిడ, ఆవిడ కొడుకు, కోడలు. కొడుక్కి కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్లో పని. పెద్దావిడ భారీ మనిషి, నోరు అంతకంటే భారీ. పైనున్న పుస్తకాల వల్ల తన ఇంటికి చెదలు పడతాయని ఆవిడ భయం. మోటరు వేయడానికి వచ్చి, మెట్ల కింద నిలబడి, పెళ్ళీ పెటాకులూ లేని మనిషికి పిల్లల పుస్తకాలెందుకో అని పైకి వినబడేలా అనేవారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఎన్ని నెలాఖరులకి చెప్పారో. నాకు ఒళ్ళు మండేది. సిస్టర్ గారు మాత్రం రెయిలింగు మీంచి తొంగిచూసి, "ఆ మొహం రంగు చూడు. బీపీ మాత్ర వేసుకోవడం లేదు" అనేవారు.

అలాగే అయింది. పెద్దావిడకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మర్నాడు సిస్టర్ గారు కిందకి వెళ్ళి, మంచాన పడ్డ మనిషిని పక్కకి ఎలా తిప్పాలో కోడలికి చూపించి వచ్చారు. పెద్దావిడ వంకరపోయిన నోటితోనే, ఖాళీ ఎప్పుడు చేస్తావని అడిగారట. ఆ సంగతి చెప్పి, మాట స్పష్టంగానే వస్తోందని సంతోషపడ్డారు ఈవిడ.

బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వచ్చిన ఏడాది సంగతి విజయవాడలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పటమట వైపు మాకు నీళ్ళు రాలేదు. సింగ్ నగర్ ఫోన్లు మూగబోయాయి. పుస్తకాలకి భయం లేదు, పై గదిలో ఉన్నాయి అనుకున్నాను. ముందు అదే అనుకున్నాను, దాచను. నాలుగో రోజు ట్రాక్టరు ఎక్కి మలుపు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి తొడల్లోతు నీళ్ళలో నడిచాను. ఆ ఇల్లు వీధికంటే నాలుగు మెట్లు ఎత్తు. అయినా లోపల ఇంకా పిక్కల్లోతు నీళ్ళున్నాయి. గోడమీద నీటి గీత నడుము ఎత్తులో ఉంది.

గుమ్మంలో ఆగిపోయాను. గది మధ్యలో పెద్దావిడ టేకు మంచం మామూలుకంటే మూరెడు పైన నిలబడి ఉంది. దాని మీద పెద్దావిడ పడుకుని ఉన్నారు. నాలుగు కోళ్ళ కింద నాలుగు పుస్తకాల దొంతరలు. జారకుండా ఒక్కో దొంతరకీ ఆసుపత్రి బ్యాండేజీ గట్టిగా చుట్టి ఉంది. నీళ్ళు తాగి పుస్తకాలు ఉబ్బిపోయి, బ్యాండేజీ సందుల్లోంచి అట్టలు పగిలి కనబడుతున్నాయి.

కోడలు చెప్పింది. ఆదివారం పొద్దున నీళ్ళు గుమ్మం ఎక్కాయి. భర్త డ్యూటీలో చిక్కుకుపోయాడు. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. బయటి ఇరుకు మెట్ల మీదుగా అంత మనిషిని ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తుకెళ్ళలేరు. ముందు పీటలు పెట్టారు, తర్వాత రుబ్బురోలు పొత్రం పెట్టబోతే మంచం ఒరిగింది. అప్పుడు సిస్టర్ గారు పైకి వెళ్ళి రెండు చేతుల నిండా పుస్తకాలతో దిగివచ్చారు. నీళ్ళు పెరిగే కొద్దీ ఆవిడ భుజంతో మంచం మూల ఎత్తడం, ఈమె ఒక పుస్తకం తోయడం. ముందు అచ్చుపుస్తకాలు అయిపోయాయి. తర్వాత ప్రూఫులు మొదలుపెట్టారు.

సిస్టర్ గారు మంచం పక్కన చీర మోకాళ్ళ పైకి దోపుకుని నిలబడి ఉన్నారు. కాళ్ళు తెల్లగా నాని ముడతలు పడ్డాయి. నేను పెద్దావిడ ఎలా ఉన్నారని అడగలేదు. మీరెలా ఉన్నారని అడగలేదు.

"సరంగు పుస్తకం ఎక్కడ?" అన్నాను.

"తలవైపు, కుడి కోడు. పైనుంచి రెండోది."

లేత పసుపు అట్ట నాకు అప్పటికే కనబడింది. దాని పైపుస్తకం మీద కోడు దిగిన గుంట కూడా కనబడింది.

"పైన పొడిగా ఉన్నవాటిని మీ చేతులతో మీరే తెచ్చి నీళ్ళలో పెట్టారా? అది నాకిస్తానన్నారు."

ఆవిడ నన్ను కాసేపు చూశారు. కోపం లేదు. థర్మామీటరులో పాదరసం ఎక్కడుందో చూసేటప్పటి చూపు. "ఇటు రా. పెద్దావిడ వీపు చూడు. నాలుగు రోజులు ఈ చెమ్మలో పడుకుంటే ఒక్క పుండు లేదు" అన్నారు. ఆ గొంతులో గర్వం ఉంది. ఆవిడ గర్వపడడం నేను ఎప్పుడూ వినలేదు.

నేను గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగాను. "గాజుపెంకులుంటాయి, చూసి నడువు" అని వెనకనుంచి అన్నారు.

తర్వాత మూడుసార్లు ఫోన్ చేశారు. రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారి స్టాఫ్ రూములో ఫోన్ బల్లమీద మోగుతుంటే, ఆ పేరు చూసి, బోర్లా తిప్పి పెట్టాను. ఏడాది పైన గడిచింది. నేను చేసింది ఇంతే. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

షాపాయన మాట విన్న రోజే ఆటో ఎక్కి సింగ్ నగర్ వెళ్ళాను. దారంతా ఒకటే ఆలోచన. అంత చేసిన మనిషిని చివరికి వీళ్ళు గెంటేశారు, ఆవిడ అనాథలా మైలవరంలో పోయింది. ఏమనాలో మాటలు కూర్చుకుంటూ గేటు తీశాను. కింద పోర్షన్లో తలుపులు వేసి ఉన్నాయి, గోడలు సగం దాకా నల్లబడి ఉన్నాయి. కోడలు మెట్ల మీద బట్టలు ఆరేస్తోంది. నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది.

"ఖాళీ చేయించారు కదూ ఆవిణ్ణి" అన్నాను.

ఆమె చేతిలో తడిబట్ట అలాగే పట్టుకుని నిలబడింది. "మేం అడగలేదండీ. కింద చెమ్మ ఆరటంలేదు, అత్తయ్యకి ఆయాసం మొదలైంది. ఒకరోజు సిస్టర్ గారే వచ్చి, మనుషుల్ని పిలిపించి పెద్దావిణ్ణి పైకి మార్చెయ్యి, నేను మైలవరం పోతానన్నారు. వద్దండీ, ఎట్టాగో సర్దుకుంటాం అన్నాను. వినలా." తడిబట్ట రెయిలింగు మీద వేసింది. "మళ్ళీ నీళ్ళొస్తే కింద పెట్టడానికి నా దగ్గర పుస్తకాలు లేవమ్మా అన్నారండీ."

నేను కూర్చుకున్న మాటలు ఒక్కటీ మిగల్లేదు. మైలవరంలో ఎలా ఉన్నారని అడిగాను.

ఆవిడ మైలవరం నుంచి వారానికి రెండుసార్లు ఫోన్ చేసి, పెద్దావిడ వీపు గురించి, మాత్రల గురించి అడిగేవారట. చివరి జ్వరంలో కూడా చేశారట. నా సంగతి ఎప్పుడైనా అడిగారా అన్నాను. స్కూల్లో పని ఎక్కువ, తీరిక దొరకదు పాపం అనేవారని కోడలు చెప్పింది. ఆమె ఆ మాట నమ్మింది.

ఆమె పైన గదిలోకి రమ్మంది. ఈసారి గుమ్మం దాటాను. బీరువా ఉండే గోడకి ఆనించి టేకు మంచం వేసి ఉంది. పెద్దావిడ కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి ఉన్నారు. సిస్టర్ గారు పోయారని ఆవిడకి ఇంకా చెప్పలేదట. తిప్పినప్పుడల్లా, ఆ నర్సమ్మ ఏదీ అని అడుగుతారట.

కోడలు గోడమీద గడియారం చూసి, పక్కకి తిప్పే వేళయిందనీ, భర్త డ్యూటీకి పోయాడనీ, కాస్త సాయం పట్టమనీ అడిగింది. సంచీ నేలమీద పెట్టాను. నాకు చేతకాదని చెప్పాను. ఏం ఫర్వాలేదు, సిస్టర్ గారు నాకు నేర్పినట్టే మీకు చెబుతాను అంది. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద, గోళ్ళు తగలకుండా. నేను పెద్దావిడ ఒంటిమీద చెయ్యి వేయడం అదే మొదలు. కోడలు మూడు లెక్కపెట్టింది. ఇద్దరం ఎత్తాం.

మనిషి ఇంత బరువుంటుందని నాకు తెలియదు. మోచేతులు వణికిపోతున్నాయి, నడుము పట్టేస్తోంది, ఊపిరి అందడం లేదు. అదీ ఇద్దరం కలిసి, మంచం పొడిగా ఉండగా, కాళ్ళ కింద గట్టినేల ఉండగా. డెబ్భై ఏళ్ళ ఆ పొట్టి మనిషి నీళ్ళలో నిలబడి దీన్ని మంచంతో సహా మూల మూలకీ భుజంతో ఎత్తింది.

పెద్దావిడ కళ్ళు తెరిచి నా మొహంలోకి చూశారు. ఎవరికోసమో వెతుకుతున్నట్టు చూశారు. నా చేతులు జారుతున్నాయి.

"వదలకండి" అంది కోడలు, దిండు కోసం అటువైపు వంగుతూ. "ఇంకొంచెంసేపు పట్టుకోండి."